కొత్త ల్యాప్‌టాప్‌లో పాత సౌకర్యాలు ఎందుకు ఉండవు?



పదిహేనేళ్ల కిందటి ల్యాప్‌టాప్ ఒకటి, ఈమధ్య కొన్నది ఒకటి బల్ల మీద పక్కపక్కన పెట్టి వాటి అంచులు చూడండి. పాతదానికి ఒక పక్క సీడీ డ్రైవ్, ఇంకో పక్క లాన్ కేబుల్ పెట్టే చోటు, ప్రొజెక్టర్‌కు కలిపే నీలిరంగు వీజీఏ పోర్టు, మూడు నాలుగు యూఎస్‌బీ పోర్టులు, కెమెరా కార్డు దూర్చే సందు కనిపిస్తాయి. తిరగేసి గొళ్లెం జరిపితే బ్యాటరీ ఊడి చేతికొస్తుంది. రెండు స్క్రూలు విప్పితే ర్యామ్ కనిపిస్తుంది. కొత్తది చాలా పల్చగా, తేలిగ్గా ఉంటుంది. పని ఎన్నో రెట్లు వేగంగా చేస్తుంది. కానీ అంచుల్లో రెండు మూడు చిన్న రంధ్రాలే ఉంటాయి. బ్యాటరీ లోపల దాగి ఉంటుంది. ర్యామ్ చాలా మోడళ్లలో మదర్‌బోర్డుకే టంకం పెట్టి ఉంటుంది.

యంత్రం ఇంత మెరుగైనప్పుడు ఉన్న సౌకర్యాలు ఎందుకు పోయాయి? కంపెనీల లాభాల కోసమేనని కొందరంటారు. కాలం మారింది కాబట్టి తప్పదని ఇంకొందరంటారు. రెండింట్లోనూ నిజం ఉంది, రెండూ సగం నిజాలే. ఒక్కో సౌకర్యం పోవడానికి ఒక్కో కారణం ఉంది. ఆ కారణాలు విడివిడిగా తెలిస్తే, దేన్ని వదులుకున్నా నష్టం లేదో, దేని కోసం పట్టుబట్టాలో కొనేవారు తేల్చుకోగలరు.

మొదట ఫ్లాపీ సంగతి. 1998 ఆగస్టులో యాపిల్ సంస్థ ఐమ్యాక్ కంప్యూటర్‌ను ఫ్లాపీ డ్రైవ్ లేకుండా అమ్మకానికి పెట్టింది. అది బల్ల మీద పెట్టుకునే కంప్యూటరే అయినా, తర్వాత ల్యాప్‌టాప్‌లలో జరిగిన కోతలకు దారి వేసింది అదే. ఫైళ్లు ఒకరి నుంచి ఒకరికి చేరాలంటే ఫ్లాపీయే ఆధారంగా ఉన్న రోజులవి. సహజంగానే విమర్శలు గట్టిగా వచ్చాయి. అయితే ఒక ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. సీడీలో 650 మెగాబైట్లు పట్టేవి. పాటలు, ఫొటోలు కంప్యూటర్‌లోకి వచ్చాక ఫ్లాపీ ఆ బరువు మోయలేకపోయింది. 2003లో డెల్ తన డైమెన్షన్ డెస్క్‌టాప్‌లలో దాన్ని మామూలు భాగంగా ఇవ్వడం మానేసింది. మూడున్నర అంగుళాల ఫ్లాపీని రూపొందించిన సోనీ సంస్థే 2011 మార్చితో జపాన్‌లో దాని అమ్మకం ఆపేసింది. ఇవాళ దాని కోసం బాధపడేవారు లేరు. దాని పని పెన్‌డ్రైవ్, ఇంటర్నెట్ అంతకంటే బాగా చేస్తున్నాయి. కాలం చెల్లిపోవడమంటే ఇదే.

వీజీఏ పోర్టు కథ కూడా అలాగే మొదలైంది, కానీ అంత సాఫీగా ముగియలేదు. ఐబీఎం సంస్థ 1987లో తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన ఈ పోర్టు పాతికేళ్లపాటు తెరకూ కంప్యూటర్‌కూ మధ్య వంతెనగా పనిచేసింది. 2010 డిసెంబరులో ఏఎండీ, ఇంటెల్, డెల్, లెనోవో, శాంసంగ్, ఎల్‌జీ సంస్థలు కలిసి, 2015 నాటికి దాన్ని సాగనంపి డిజిటల్ పోర్టులకు మారిపోతామని ప్రకటించాయి. సాంకేతికంగా ఆ నిర్ణయం సరైనదే. బొమ్మను అనలాగ్ సంకేతంగా మార్చి పంపి, అవతల తెరలో మళ్లీ డిజిటల్‌గా మార్చుకోవడం వృథా పని. కానీ ల్యాప్‌టాప్ ఐదేళ్లలో మారినంత సులువుగా తరగతి గది గోడకు బిగించిన ప్రొజెక్టర్ మారదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కళాశాల సెమినార్ హాళ్లలో వీజీఏ కేబుళ్లు ఆ గడువు దాటాక కూడా చాలాకాలం పనిచేశాయి. కొత్త ల్యాప్‌టాప్‌తో ప్రెజెంటేషన్ ఇవ్వడానికి వచ్చిన విద్యార్థి ముందుగా అడాప్టర్ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. మార్పు మంచిదే కావచ్చు, దాని ఖర్చు మాత్రం కంపెనీ లెక్కల్లోంచి వాడకందారు జేబులోకి వచ్చి చేరింది.

ఇక మిల్లీమీటర్ల లెక్క. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ శాన్ ఫ్రాన్సిస్కోలో వేదిక మీద ఒక కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీసి చూపించారు. దాని మందం ఎక్కువ ఉన్న చోట 19.4 మిల్లీమీటర్లు, అంచు దగ్గర 4 మిల్లీమీటర్లు. ఆ సన్నదనం కోసం సీడీ డ్రైవ్ తీసేశారు, లాన్ పోర్టు తీసేశారు, యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉంచారు, బ్యాటరీని లోపల బిగించారు. డిస్క్ కావలసినవారు 99 డాలర్లు పెట్టి డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి.

ఎందుకు తీయవలసి వచ్చిందో కొలతలు చెబుతాయి. డిస్క్ వ్యాసం 12 సెంటీమీటర్లు. దాన్ని తిప్పే డ్రైవ్ మందం మామూలు రకంలో 12.7 మిల్లీమీటర్లు, సన్న రకంలో 9.5 మిల్లీమీటర్లు. అంటే ల్యాప్‌టాప్ లోపల దాదాపు అరచేయంత స్థలం, సగం పైగా మందం నెలకు ఒకసారి కూడా వాడని భాగానికి పోతుంది. యూఎస్‌బీ-సీ రంధ్రం ఎత్తు 3 మిల్లీమీటర్ల లోపే. లాన్ కేబుల్ ప్లగ్గు, వీజీఏ ప్లగ్గు దానికంటే చాలా ఎత్తు. తక్కువ గజాల స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి వసారా పెంచితే గది తగ్గుతుందని తెలుసు. ల్యాప్‌టాప్ డిజైనర్‌దీ అదే లెక్క. పోర్టుకు ఇచ్చిన స్థలం బ్యాటరీకి ఉండదు.

ఈ దారిలోకి మిగతా కంపెనీలను నడిపించింది ఇంటెల్. 2011లో అది అల్ట్రాబుక్ అనే తరగతిని ప్రకటించి, దాని అభివృద్ధి కోసం 30 కోట్ల డాలర్ల నిధి పెట్టింది. ఆ పేరు వాడుకోవాలంటే 14 అంగుళాల కంటే చిన్న తెర ఉన్న యంత్రం 18 మిల్లీమీటర్లు, అంతకంటే పెద్దది 21 మిల్లీమీటర్లు మించకూడదు. దుకాణంలో ల్యాప్‌టాప్ చూసేవారి కంటికి ముందుగా కనిపించేది మందం, చేతికి తెలిసేది బరువు. లోపల ర్యామ్ మార్చుకోవచ్చా లేదా అన్నది ఆ నిమిషంలో ఎవరికీ కనిపించదు. కనిపించేదాని కోసం కనిపించనిదాన్ని వదులుకోవడం కంపెనీలకు అలవాటైంది.

బ్యాటరీ లోపలికి పోవడంలో వాడకందారుకు కొంత లాభం కూడా ఉంది. బయటికి తీసే బ్యాటరీకి గట్టి ప్లాస్టిక్ డొప్ప కావాలి, గొళ్లెం కావాలి, యంత్రానికి దాన్ని పట్టే గూడు కావాలి. ఇవన్నీ స్థలం తింటాయి. లోపల బిగిస్తే పల్చని సంచుల్లాంటి లిథియం పాలిమర్ ఘటాలను ఖాళీ ఉన్న ప్రతి మూలలోనూ సర్దవచ్చు. 2009లో యాపిల్ 17 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోను లోపలి బ్యాటరీతో తెచ్చినప్పుడు ఒకసారి చార్జింగ్‌తో 8 గంటలు, మొత్తం 1000 చార్జింగులు వస్తాయని చెప్పింది. ఆ రోజులకు అది పెద్ద మాటే. కానీ ఎడిటింగ్ బల్లకు దూరంగా, కరెంటు లేని చోట పనిచేసే విలేకరి రెండో బ్యాటరీ సంచిలో వేసుకుని వెళ్లే వీలు దానితో పోయింది. లెనోవో థింక్‌ప్యాడ్ వరుసలో 2018 నాటి టీ480కి లోపల ఒక బ్యాటరీ, బయట మార్చుకునే ఇంకో బ్యాటరీ ఉండేవి. యంత్రం ఆపకుండానే బయటిది మార్చుకోవచ్చు. మరుసటి ఏడాది వచ్చిన టీ490లో ఆ రెండోది లేదు.

ఇప్పుడు ర్యామ్ దగ్గరికి వద్దాం. ఎక్కువ కోపం దీని మీదే. ఈ కోపంలో న్యాయం ఎంత, భౌతికశాస్త్రం ఎంత అన్నది నిదానంగా చూడాలి.

మనం దుకాణంలో వేయించుకునే ర్యామ్ ముక్క బోర్డు మీది స్లాట్‌లో కూర్చుంటుంది. ప్రాసెసర్ నుంచి బయలుదేరిన సంకేతం బోర్డు మీది రాగి గీతల వెంట వెళ్లి, స్లాట్ పిన్నులు దాటి, ర్యామ్ ముక్కలోకి వెళ్లి, చిప్‌ను చేరుకోవాలి. దారిలో ప్రతి అతుకు దగ్గర సంకేతం కొంత బలహీనపడుతుంది, కొంత వెనక్కి తిరిగి ప్రతిధ్వనిస్తుంది. వేగం తక్కువగా ఉన్న రోజుల్లో అది సమస్య కాలేదు. ఇప్పుడు ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ రకం ర్యామ్‌లో ఒక్కో తీగ మీద సెకనుకు 853 కోట్ల సార్లు సమాచారం మారుతుంది. స్లాట్‌లో పెట్టే డీడీఆర్5 ర్యామ్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా 560 కోట్ల దగ్గర ఆగుతుంది. పైగా ఎల్‌పీడీడీఆర్ రకం తక్కువ వోల్టేజితో నడుస్తుంది కాబట్టి బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఆ తక్కువ వోల్టేజి సంకేతం చెదరకుండా ఉండాలంటే చిప్ ప్రాసెసర్‌కు వీలైనంత దగ్గరగా, మధ్యలో అతుకు లేకుండా ఉండాలి. అందుకే టంకం.

దీనికి సాక్ష్యం అనుకోని చోటు నుంచి వచ్చింది. ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికన్ సంస్థ పుట్టిందే మరమ్మతు చేసుకోగల ల్యాప్‌టాప్‌ల కోసం. 2021లో వచ్చిన దాని మొదటి యంత్రంలో పోర్టులతో సహా దాదాపు ప్రతి భాగాన్నీ వాడకందారు మార్చుకోవచ్చు. అలాంటి సంస్థ 2025లో ఏఎండీ రైజెన్ ఏఐ మ్యాక్స్ ప్రాసెసర్‌తో ఒక డెస్క్‌టాప్ తెచ్చి, అందులో ర్యామ్‌ను బోర్డుకే అతికించింది. మార్చుకునే పద్ధతిలో పెట్టే దారి కోసం ఏఎండీ ఇంజినీర్లతో కలిసి ప్రయత్నించామని, ఆ ప్రాసెసర్‌కు కావలసిన 256 బిట్ల వెడల్పులో సంకేతాలు నిలకడగా రాలేదని బహిరంగంగా వివరించింది. ఇంటెల్ కూడా 2024లో లూనార్ లేక్ ప్రాసెసర్లలో ర్యామ్‌ను ప్రాసెసర్ ప్యాకేజీలోనే పెట్టింది. కొనేటప్పుడు 16 జీబీయో, 32 జీబీయో ఎంచుకోవాలి, అంతే.

మరి కంపెనీలదంతా నిర్దోషమేనా? కాదు. ర్యామ్ అతికించడం వల్ల వేగం పెరిగితే ఆ లాభం వాడకందారుకూ అందుతుంది. కానీ అతికించాక దాని ధర నిర్ణయించే హక్కు పూర్తిగా తయారీదారు చేతిలోకి పోతుంది. యాపిల్ చాలాకాలం 8 జీబీ నుంచి 16 జీబీకి వెళ్లడానికి అమెరికాలో 200 డాలర్లు, మన దేశంలో 20,000 రూపాయలు అదనంగా తీసుకుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్‌కు 8 జీబీ ముక్క వేయించుకుంటే అందులో చిన్న వంతు ఖర్చుతో పనైపోయేది. 2024 అక్టోబరులో గానీ యాపిల్ తన కొత్త మ్యాక్‌లన్నింటికీ 16 జీబీని కనీస పరిమాణంగా చేయలేదు. నిల్వ చేసే ఎస్‌ఎస్‌డీ విషయంలో ర్యామ్‌కు ఉన్నంత సాంకేతిక సాకు కూడా లేదు. చిన్న స్క్రూతో బిగించే ఎం.2 ఎస్‌ఎస్‌డీలు వేగంలో ఏమీ వెనకబడవు, వేలాది మోడళ్లలో అవే పనిచేస్తున్నాయి. దాన్ని కూడా బోర్డుకు అతికించిన చోట వాడకందారుకు దక్కేది చాలా తక్కువ, పోయేది చాలా ఎక్కువ. బోర్డు చెడిపోతే అందులోని ఫొటోలు, కాగితాలు వెలికి తీయడం మహా కష్టం.

డబ్బు లెక్క పనిచేసే ఇంకో చోటు పైకి అసలు కనిపించదు. వీడియోను చిన్న పరిమాణంలోకి కుదించే పద్ధతులకు పేటెంట్లు ఉంటాయి, వాటికి రాయల్టీ కట్టాలి. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ డీవీడీ ఆడించే సౌకర్యాన్ని అందులోంచి తీసేసింది. డ్రైవ్‌లే లేని యంత్రాలు పెరుగుతుంటే ప్రతి కాపీకీ డీవీడీ లైసెన్సు రుసుము ఎందుకు కట్టాలన్నది దాని వాదన. 2025లో ఇలాంటిదే మరింత వింతగా జరిగింది. హెచ్‌పీ, డెల్ సంస్థల కొన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో హెచ్.265 అనే వీడియో పద్ధతిని చదివే సర్క్యూట్ ప్రాసెసర్‌లో ఉన్నా, దాన్ని పనిచేయకుండా ఆపి అమ్ముతున్నారని బయటపడింది. ఈ పద్ధతికి పెద్ద తయారీదారులు అమెరికాలో కట్టే ఒక రాయల్టీ 2026 జనవరి నుంచి ఒక్కో పరికరానికి 20 సెంట్ల నుంచి 24 సెంట్లకు పెరిగింది. ఒక యంత్రం మీద అది ఏమంత మొత్తం కాదు. కోటి యంత్రాల మీద 24 లక్షల డాలర్లు. కొన్నవారికి మాత్రం ఐఫోన్‌తో తీసిన వీడియోలాంటిది తెరిస్తే యంత్రం వేడెక్కడమో, బ్రౌజర్‌లో అది అసలు ఆడకపోవడమో జరుగుతుంది. ఉన్న హార్డ్‌వేర్‌కు తాళం వేసి అమ్మడం కోతల్లోకెల్లా సమర్థించుకోలేని కోత.

ఒక విషయం గమనించాలి. కంపెనీలు సాధారణంగా ఒక సౌకర్యాన్ని అన్ని మోడళ్లలోంచీ ఒకేసారి తీయవు. లాన్ పోర్టు సన్నని మోడళ్లలో పోయింది. కానీ ఆఫీసులకు అమ్మే థింక్‌ప్యాడ్ టీ14 లాంటివాటిలో, గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇప్పటికీ ఉంది. ఆఫీసులు ఒక్కసారి వందల యంత్రాలు కొంటాయి, మాకు లాన్ పోర్టు కావాలని టెండరులోనే రాస్తాయి. గేమ్ ఆడేవారు వైఫై తడబాటును భరించరు, అది లేని మోడల్ కొనరు. అడిగేవారు ఉన్నచోట సౌకర్యం నిలిచింది.

అడిగితే తిరిగి వచ్చినవి కూడా ఉన్నాయి. ఈ చరిత్రలో అన్నింటికంటే విలువైన భాగం ఇదే.

2013లో లెనోవో థింక్‌ప్యాడ్ టీ440 తెచ్చినప్పుడు, కీబోర్డు మధ్యనుండే ట్రాక్‌పాయింట్ అనే ఎర్రటి గుండీ కింద విడిగా ఉండే మూడు బటన్లను తీసేసి, టచ్‌ప్యాడ్‌నే నొక్కమంది. ఏళ్ల తరబడి ఆ బటన్లకు వేళ్లు అలవాటుపడినవారు గట్టిగా నిరసన తెలిపారు. 2015లో వచ్చిన టీ450లో మూడు బటన్లూ తిరిగి వచ్చాయి.

యాపిల్ విషయంలో ఐదేళ్లు పట్టింది. 2016 అక్టోబరులో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలో పాత యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డు సందు, అయస్కాంతంతో అతుక్కునే మ్యాగ్‌సేఫ్ చార్జర్ అన్నీ పోయాయి. హెడ్‌ఫోన్ రంధ్రం తప్ప మిగిలినవన్నీ యూఎస్‌బీ-సీ పోర్టులే. ఖరీదైన మోడళ్లలో పైవరస మీటల బదులు టచ్‌బార్ అనే పల్చని తెర వచ్చింది, ఎస్కేప్ మీట కూడా అందులోనే కలిసింది. ఫొటోగ్రాఫర్లు, వీడియో ఎడిటర్లు, ప్రోగ్రామర్లు ఈ యంత్రాన్ని రోజంతా వాడేవారు. వారికి కావలసినవే పోయాయి. సన్నదనం కోసం తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డులో చిన్న దుమ్ము రేణువు పడ్డా మీట మొరాయించేది. 2018లో యాపిల్ ఉచిత మరమ్మతు పథకం పెట్టవలసి వచ్చింది. అమెరికాలో వాడకందారులు వేసిన దావాను 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఈలోగా 2019 చివర వచ్చిన 16 అంగుళాల మోడల్‌లో పాత రకం కీబోర్డు, ఎస్కేప్ మీట వెనక్కి వచ్చాయి. 2021 అక్టోబరులో వచ్చిన మోడళ్లలో హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డు సందు, మ్యాగ్‌సేఫ్ మూడూ తిరిగి వచ్చాయి, టచ్‌బార్ పోయింది. ఆ యంత్రాలు కొంచెం మందంగా, కొంచెం బరువుగా వచ్చాయి. కొన్నవారు ఆ మందాన్ని సంతోషంగా ఒప్పుకున్నారు.

మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ల్యాప్‌టాప్‌కు 2017లో, యంత్రాలను విప్పి పరీక్షించే ఐఫిక్సిట్ సంస్థ మరమ్మతు సౌలభ్యంలో పదికి సున్నా ఇచ్చింది. 2024 మోడల్‌కు అదే సంస్థ పదికి 8 ఇచ్చింది. లెనోవో 2024లో ఐఫిక్సిట్ సలహాతో రూపొందించిన థింక్‌ప్యాడ్ టీ14లో ర్యామ్ స్లాట్లు మళ్లీ రెండయ్యాయి. ర్యామ్ సమస్యకు కూడా దారి దొరుకుతోంది. స్లాట్‌లో దూర్చే ముక్క బదులు, ప్రాసెసర్ పక్కన పడుకోబెట్టి స్క్రూలతో నొక్కి బిగించే ఎల్‌పీక్యామ్2 అనే కొత్త పద్ధతి 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో వచ్చింది. తక్కువ కరెంటు, ఎక్కువ వేగం, మార్చుకునే వీలు మూడూ అందులో ఉన్నాయి. అంటే టంకమే శాశ్వత పరిష్కారం కాదని ఇంజినీర్లే చూపించారు.

చట్టాలు కూడా కదులుతున్నాయి. ఫ్రాన్సులో 2021 నుంచి ల్యాప్‌టాప్ మీద మరమ్మతు మార్కులు చూపించి అమ్మాలి. ఐరోపా సమాఖ్యలో 2026 ఏప్రిల్ 28 నుంచి కొత్త ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ-సీ చార్జింగ్ తప్పనిసరి. పరికరాల్లోని చిన్న బ్యాటరీలను వాడకందారే తీసి మార్చుకునేలా ఉండాలన్న నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి వర్తిస్తుంది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. 2024లో మరమ్మతు సూచీ కోసం ఒక సంఘాన్ని నియమించింది. దాని తొలి దృష్టి ఫోన్లు, ట్యాబ్లెట్ల మీదే ఉంది. ల్యాప్‌టాప్‌లకు కూడా ఆ సూచీ త్వరగా రావాలి.

మన ఇళ్లలో ల్యాప్‌టాప్ ఒకరితో ఆగదు. ఇంజినీరింగ్ చదివిన అన్న యంత్రం డిగ్రీ చదివే చెల్లెలికి వస్తుంది. ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ వేయిస్తే మరో మూడు నాలుగేళ్లు పనికొస్తుంది. ఆ వీలు ఉంటే ఒక కుటుంబానికి ఒక కొత్త ల్యాప్‌టాప్ ఖర్చు తప్పుతుంది. అది లేని యంత్రం కొన్న రోజున ఉన్న సామర్థ్యంతోనే ముసలిదైపోతుంది.

అందుకే ఈసారి ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లినప్పుడు రంగు, బరువు చూసి సరిపెట్టుకోకండి. ర్యామ్ స్లాట్‌లో ఉందా, బోర్డుకు అతికించి ఉందా అని అడగండి. అతికించి ఉంటే నాలుగేళ్ల తర్వాతి అవసరానికి సరిపోయేంత ఇప్పుడే తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చా, బ్యాటరీ స్క్రూలతో ఉందా, జిగురుతోనా అని అడగండి. మీ పనికి కావలసిన పోర్టులు లేకపోతే అడాప్టర్ ధర కూడా కలిపి లెక్క వేయండి. దుకాణదారు జవాబు చెప్పలేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల పట్టిక, మరమ్మతు పుస్తకం చదివాకే డబ్బు కట్టండి. కావలసింది లేదని వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు, ఎందుకు కొనలేదో ఆ దుకాణంలో చెప్పి మరీ రండి.